పల్లికోన దాటాక

రేపల్లెలో బండి కదిలేటప్పుడు ఎవరూ అడగరు. బేసిన్లు సీట్ల కిందికి తోసుకోవడం, ఐసునీళ్ళు కారకుండా గోనెపట్టాలు అడ్డం వేయడం, చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని కింద కూలబడడం, ఇవన్నీ అయ్యేసరికి పల్లికోన వస్తుంది. అక్కడ బండి కాసేపు ఆగి మళ్ళీ కదిలాక, చివరి పెట్టెలో తలుపు దగ్గర కూర్చున్న ఆడవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు వెంకాయమ్మ వైపు చెయ్యి చాపుతారు. ఆమె నడుముకి దోపుకున్న కొంగు తీసి, చివర ముడి విప్పి, వక్కముక్కల మధ్య నుంచి నొప్పి బిళ్ళల షీటు బయటికి లాగి, ఒక్కొక్కటే నొక్కి వాళ్ళ అరచేతుల్లో వేస్తుంది.

నిజాంపట్నం రేవులో చేపలు కొని తెనాలి వీధుల్లో అమ్ముకునే ఆ ఆరుగురికీ అది టికెట్టు కొనడమంత మామూలు పని. బిళ్ళలకి వెంకాయమ్మ డబ్బు పుచ్చుకోదు. మందుకి డబ్బు పుచ్చుకుంటే గుణమివ్వదని ఆమె నమ్మకం. దానికి బదులు తెనాలిలో దిగగానే అందరూ ముందు ఆమె బేసినుకే చెయ్యి వేస్తారు. నిండు బేసినును ఎవరూ తమంతట తాము తలకెత్తుకోలేరు. రెండో మనిషి చెయ్యి ఉండాల్సిందే. ముందు ఎవరి బేసిను లేస్తే వాళ్ళు ముందు వీధి పట్టుకుంటారు. ఎన్నో ఏళ్ళుగా ముందు లేచేది వెంకాయమ్మ బేసినే.

కార్తీకం వెళ్ళి అది మూడో రోజు. నెలంతా చేప ముట్టని ఇళ్ళవాళ్ళు వాకిట్లోకి వచ్చి మరీ పిలుస్తున్నారు. అందుకని అందరి బేసిన్లూ అంచుల దాకా ఉన్నాయి. కింద కానాగంత చేపలు, వాటి మీద సన్నటి కవళ్ళు, పైన అరిటాకులో రొయ్యలు.

"నాకు రెండు వెయ్యి వదినా," అంది ధనమ్మ. "నిన్నంతా మెడ తిరగలేదు. మా ఆయన పిలిస్తే ఒళ్ళంతా తిప్పి చూడాల్సొచ్చింది. ఏంటే కొత్తగా ఇంత మర్యాద అన్నాడు."

ఆడవాళ్ళు నవ్వారు.

"ఒకటి ఇప్పుడు వేసుకో. ఒకటి మధ్యాహ్నానికి ఉంచుకో," అంటూ వెంకాయమ్మ రెండూ ఇచ్చింది.

ధనమ్మ రెండూ ఒకేసారి నోట్లో వేసుకుని, తల వెనక్కి వంచి, నీళ్ళు లేకుండానే మింగింది. ఎవరి దగ్గరా నీళ్ళసీసా లేదు. తెల్లవారకముందే లేచి రేవుకి పోయిన మనుషులు మధ్యాహ్నం రెండింటికి ఇల్లు చేరేదాకా గుక్కెడు టీ తప్ప కడుపులోకి ఏమీ పోనివ్వరు. తింటే నీళ్ళు తాగాలి. తాగితే వెళ్ళాలి. చేపల బేసిను దించుకుని ఒక ఆడమనిషి వెళ్ళడానికి ఆ వీధుల్లో చోటు లేదు.

చివర జ్యోతిలక్ష్మి కూర్చుంది. ముప్పై రెండేళ్ళది. బాపట్ల పక్క సూర్యలంక నుంచి కాపురానికొచ్చింది. ఆమె మొగుడు వీరాస్వామి వెంకాయమ్మకి అక్క కొడుకు వరస, ఇల్లు కూడా రెండిళ్ళ అవతలే. తెనాలిలో ఇద్దరూ ఒకే వీధులు తిరుగుతారు, ఒకరి బేసిను ఒకరు ఎత్తుకుంటూ దించుకుంటూ. జ్యోతి చాపిన అరచెయ్యి పాలిపోయి, నానిన గుడ్డలా ఉంది. ఐసులో చేతులు పెట్టేవాళ్ళకి అలాగే ఉంటుందిలే అనుకుంటూ వెంకాయమ్మ అందులో రెండు బిళ్ళలు వేసింది. సాయంత్రానికని ఇంకొకటి నొక్కి ఇచ్చింది. జ్యోతి దాన్ని రవికలో దాచుకుంది.

"అత్తా," అంది గొంతు తగ్గించి. "కడుపులో ఒకటే మంట. నల్లగా పోతోంది."

"రక్తం బిళ్ళలు వేసుకుంటున్నావుగా?"

జ్యోతి గోనెపట్టా అంచు సర్దింది.

"ఆశా వర్కరమ్మాయి ఇచ్చినవే, ఆ ఎర్రవి. అవి వేసుకుంటే నల్లగానే పోతుంది. మా కొండయ్య కడుపులో ఉన్నప్పుడు నాకు నెలలు నిండేదాకా అంతే. మంటకి సోడా తాగు, సర్దుకుంటుంది." కొంగు ముడి వేసుకుంటూ మళ్ళీ అంది, "మానేస్తావేమో. వేసుకునేలా నేను చూస్తానని ఆ అమ్మాయికి మాటిచ్చాను."

"ఊ," అంది జ్యోతి. తలుపులోంచి వేమూరు చేల మీదికి చూస్తూ కూర్చుంది. కోసిన వరి ఓదెల మీద మంచు ఇంకా విడిపోలేదు.

తెనాలిలో నలుగురు కలిసి వెంకాయమ్మ బేసిను ఆమె తలకెత్తారు. ఆమె ఒక చేత్తో దాన్ని పట్టుకుని, రెండో చేత్తో జ్యోతి బేసినుకి సాయం పట్టింది. బరువు తల మీది చుట్టకుదురు మీద ఆనగానే ఆ పిల్ల ఒకసారి పక్కకి తూలి, మళ్ళీ నిలదొక్కుకోవడం వెంకాయమ్మ చేతికి తెలిసింది. రెండు నెలలుగా తెలుస్తూనే ఉంది.

మూడో వీధిలో ఒకావిడ పిలిచింది. బాలింత కూతురుంది, పాలసొర ఉందా అని అడిగింది. రేపు తెస్తానని చెప్పి వెంకాయమ్మ కానాగంతలు చూపించింది. ఆవిడ ఒకటొకటే మొప్పలెత్తి చూసి పది ఏరుకుంది. జ్యోతి అరుగు పక్కన కత్తిపీట వేసుకుని కూర్చుంది. తల తీసి, పొట్ట చీల్చి, పేగు లాగి, గిన్నెలో వేయడం. ఆ పని ఆమె చేతులు చూడకుండానే చేసుకుపోతాయి. ఏడో చేప దగ్గర అవి ఆగాయి.

"అత్తా, ఇది పట్టుకో," అంది.

చేపని వెంకాయమ్మకి అందించింది. అందించి, కత్తి లేని పక్కకి ఒరిగి, గోడని రాసుకుంటూ కిందికి జారిపోయింది.

ఆ ఇంటావిడ చెంబుతో నీళ్ళు తెచ్చి మొహాన చల్లింది. "నీళ్ళోసుకుందేమో," అంది మొదట. తర్వాత వంగి చూసి, "పెదాలు చూడండి, రక్తపు చుక్క లేదు. ముందు ఆసుపత్రికి తీసుకెళ్ళండి. బేసిన్లు ఇక్కడే ఉండనివ్వండి, నేను చూస్తాను," అంది. ఆటోలో జ్యోతి తల వెంకాయమ్మ ఒళ్ళో ఉంది. చేతికి అంటిన చేప పొలుసులు ఆమె జుట్టుకి అంటుకున్నాయి. వెంకాయమ్మ దారిపొడుగునా వాటిని ఒక్కొక్కటే ఏరుతూ కూర్చుంది.

*

డాక్టరమ్మ పేరు సానియా. చిన్న వయసు మనిషి, మాట నిదానం. జ్యోతి కింది కనురెప్ప లాగి చూసి, రక్తపరీక్షకి పంపి, ఆ కాగితం వచ్చాక వీరాస్వామిని పిలిచింది. అతను కబురంది అప్పుడే వచ్చాడు. వల బాగుచేస్తూ లేచొచ్చినట్టున్నాడు, చొక్కాకి నైలాను దారపు ముక్కలు పట్టుకుని ఉన్నాయి.

"పన్నెండు ఉండాల్సిన రక్తం ఐదున్నర ఉంది. అంత రక్తం ఎటు పోతోందో తెలియాలి," అంది డాక్టరు. "నెలసరిలో ఎక్కువ పోతుందా?"

వీరాస్వామి తల దించుకున్నాడు. "మామూలేనమ్మా," అంది వెంకాయమ్మ.

"విరేచనం నల్లగా అవుతోందా?"

"అవునమ్మా. రక్తం బిళ్ళలు వేసుకుంటోంది, అందుకని."

"ఎన్నాళ్ళుగా?"

"రెండు నెలలు దాటింది."

డాక్టరు అది రాసుకుంది. కలం ఆపి, "ఒళ్ళు నొప్పులకి మాత్రలేమైనా వాడుతుందా? నడుముకి, మెడకి?" అంది.

"లేదండి," అన్నాడు వీరాస్వామి. "దానికి మందులంటేనే గిట్టదండి."

డాక్టరు వెంకాయమ్మ వైపు చూసింది. వెంకాయమ్మ చెయ్యి కొంగుముడి మీద ఉంది. షీటు అంచు గుడ్డలోంచి వేలికి గుచ్చుకుంటోంది. ఒకటీ అరా వేసుకుంటుందమ్మా అనే మాట నోటిదాకా వచ్చింది. ఆ ఒకటీ అరా ఎవరిచ్చారని అడుగుతారు. వీరాస్వామి పక్కనే నిలబడి ఉన్నాడు.

"లేదమ్మా," అంది.

"సరే. ముందు రక్తం ఎక్కిద్దాం. ఐరన్ ఇంజెక్షను కూడా పెడదాం. తేరుకుంటే ఎల్లుండి ఇంటికి పంపేస్తాం," అంది డాక్టరు.

సాయంత్రానికి మొదటి సీసా సగమయింది. జ్యోతి కళ్ళు తెరిచి, "బేసిను?" అని అడిగింది. ఆ ఇంటావిడ ఇరుగుపొరుగులకి చెప్పి రెండు బేసిన్లూ అమ్మిపెట్టిందని వెంకాయమ్మ చెప్పింది. జ్యోతి మళ్ళీ కళ్ళు మూసుకుంది. మంచం కింద గిన్నె మార్చిన ఆయా ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, "రోడ్డు వేసే తారు నయం," అని గొణుక్కుంటూ పోయింది.

*

మర్నాడు పొద్దున్నే చీరలకోసం వెంకాయమ్మ జ్యోతి ఇంటికి వెళ్ళింది. ఏడో తరగతి చదివే కూతురు తేజస్విని బడికి తయారై, ఒక జడ వేసుకుని, రెండో జడ చేత్తో పట్టుకుని ఉంది. వెంకాయమ్మ దాన్ని ముందు కూర్చోబెట్టుకుని రెండోదీ అల్లింది. పిల్ల రేకుపెట్టె మూత తీసి, తల్లి కట్టుకునే చీరలు రెండు పైకి తీసింది. రెండో చీర మడతలోంచి కాగితంలో చుట్టిన పొట్లం జారి కింద పడింది.

విప్పితే ఎర్ర బిళ్ళల షీట్లు. ఒక షీటులో మాత్రం నాలుగు గుంటలు ఖాళీగా ఉన్నాయి. మిగతావి తెరవనే లేదు.

తేజస్విని జడ రిబ్బను కొస నోట్లో పెట్టుకుంది.

"ఏంటే ఇవి?"

"అమ్మకి అవి వేసుకుంటే వాంతి వస్తోంది మామ్మా. దసరా సెలవులప్పుడే మానేసింది. నీకు చెప్పొద్దంది. తిడతావని."

"దసరా నుంచీ వేసుకోలేదా?"

"ఒక్కటి కూడా వేసుకోలేదు."

వెంకాయమ్మ పెట్టె అంచు మీద కూర్చుంది. రక్తం బిళ్ళలు ఆ పిల్ల కడుపులోకి పోలేదు. దసరా వెళ్ళి రెండు నెలలు కావస్తోంది. మరి నిన్న రైల్లో నల్లగా పోతోందన్నది దేనివల్ల? కడుపులోకి పోయినవేవో వెంకాయమ్మకి తెలుసు. రోజుకి గుక్కెడు టీ. పల్లికోన దాటాక రెండు. సాయంత్రం ఒకటి. తన చేత్తో నొక్కి వేసినవి.

"మామ్మా, బడికి టైమవుతోంది," అంది తేజస్విని.

"వెళ్ళమ్మా. అన్నం పెట్టుకున్నావా డబ్బాలో?"

"బళ్ళోనే పెడతారుగా."

పిల్ల వెళ్ళాక చీరలూ, ఎర్ర బిళ్ళల పొట్లమూ సంచిలో వేసుకుని రేపల్లె వెళ్ళే ఆటో ఎక్కింది.

బేసిను లేకుండా రైలు పెట్టె ఎక్కడం కొత్తగా ఉంది. కూర్చోడానికి చోటు చాలా మిగిలింది. అందరూ జ్యోతి సంగతి అడిగారు. రక్తం ఎక్కిస్తున్నారని చెప్పింది. పల్లికోనలో బండి ఆగింది, కదిలింది. చేతులు వచ్చాయి. ఆమె కొంగుముడిని పిడికిట్లో పట్టుకుని ఉంది.

"ఇవాళ లేవు," అంది.

"బేసినూ లేదు, బిళ్ళా లేదు," అంది ధనమ్మ. "ఊరికే షికారుకొచ్చావా వదినా?"

ఎవరూ గట్టిగా నవ్వలేదు. చాపిన చేతులు ఒక్కొక్కటే వెనక్కి పోయాయి. ధనమ్మ తన చేత్తో మెడ వెనక నొక్కుకుంటూ తలుపు వైపు తిరిగింది. వెంకాయమ్మకి కూడా ఎడమ భుజం కింద నొప్పి మొదలయింది. ఆ వేళకి రోజూ ఆమె తన వంతు మూడు వేసుకుని ఉండేది.

*

డాక్టరమ్మ గది ముందు చాలామంది ఉన్నారు. వెంకాయమ్మ వరసలో నిలబడింది. తన వంతు వచ్చాక లోపలికి వెళ్ళి, కూర్చోమన్నా కూర్చోకుండా, సంచిలోంచి ఎర్ర బిళ్ళల షీట్లు తీసి బల్ల మీద పెట్టింది. వాటి పక్కన కొంగుముడి విప్పి నొప్పి బిళ్ళల షీటు పెట్టింది. వక్కముక్క ఒకటి దొర్లి కాగితాల మీద పడింది. దాన్ని తీసుకుని గుప్పిట్లో పెట్టుకుంది.

"నిన్న నేను అబద్ధం చెప్పానమ్మా. ఈ ఎర్రవి ఆ పిల్ల రెండు నెలలుగా వేసుకోవడం లేదు. ఇవి వేసుకుంటోంది."

డాక్టరు షీటు తిప్పి వెనక అక్షరాలు చదివింది. "రోజుకి ఎన్ని?"

"మూడు."

"ఎన్నాళ్ళ నుంచి?"

"మాతో బేసిను ఎత్తుకున్నప్పటి నుంచి. మూడేళ్ళు."

"ఎవరు రాసిచ్చారు?"

"ఎవరూ రాయలేదమ్మా. షాపులో అడిగితే ఇస్తారు. నేనే కొంటాను. నేనే ఇస్తాను."

డాక్టరు తలెత్తింది. వెంకాయమ్మ ఆ చూపుకోసమే ఎదురుచూస్తూ నిలబడింది. కానీ డాక్టరు గొంతు పెంచలేదు. "తిని వేసుకుంటారా, ఖాళీ కడుపునా?" అని అడిగింది.

"తింటే నీళ్ళు తాగాలి. తాగితే వెళ్ళాలి. బేసిను దించుకుని మేమెక్కడికి వెళ్తామమ్మా?"

డాక్టరు కలం మూత పెట్టి, లేచి వార్డులోకి నడిచింది. వెంకాయమ్మ వెనకే వెళ్ళింది.

"జ్యోతిలక్ష్మీ, విరేచనం తారులాగా జిగటగా ఉంటోందా? నీళ్ళు పోసినా ఒక పట్టాన పోదా?"

జ్యోతి తలూపింది. వెంకాయమ్మని చూసి, "ఆ బిళ్ళలు మానేశానత్తా," అంది.

"తెలుసమ్మా."

"తిడతావని చెప్పలేదు."

వెంకాయమ్మ ఆమె కాళ్ళ మీది దుప్పటి సరిచేసింది. ఆ పని కాగానే మళ్ళీ అదే పని చేసింది.

వీరాస్వామిని పిలిచి డాక్టరు విడమరిచి చెప్పింది. ఈ మాత్రలు చెడ్డవి కావు, నొప్పికి పని చేస్తాయి. కానీ ఏళ్ళ తరబడి, రోజూ, ఖాళీ కడుపున పడితే కడుపు లోపలి పొరని తినేస్తాయి. అక్కడ పుండు పడి ఉంటుంది. దానిలోంచి రక్తం కొంచెం కొంచెంగా కారుతోంది. ఆ రక్తమే పేగుల్లో నల్లగా మారి బయటికి వస్తోంది. రక్తం ఎక్కించి ఇంటికి పంపితే ఎక్కించిందంతా మళ్ళీ ఆ దారినే పోతుంది. గుంటూరు పంపి, నోట్లోంచి గొట్టం వేసి చూపించాలి. ఇవాళే.

"నిన్న చెప్పి ఉంటే నిన్ననే పంపేవాళ్ళం," అంది. అదొక్కటే అంది.

తర్వాత వెంకాయమ్మని దగ్గరికి పిలిచి ఆమె కింది కనురెప్ప కూడా లాగి చూసింది. "మీరు ఎన్ని వేసుకుంటారు?"

"నాదేముందమ్మా. ముసలిదాన్ని."

"ఎన్ని?"

"పొద్దున మూడు. సాయంత్రం రెండు."

డాక్టరు ఒక చీటీ మీద పరీక్ష రాసి, మడిచి ఆమె చేతిలో పెట్టింది. "మీతో వచ్చేవాళ్ళెందరు?"

"నాతో కలిపి ఆరుగురం."

"అందరినీ తీసుకురండి."

వెంకాయమ్మ చీటీని వక్కముక్కలతో కలిపి కొంగున కట్టుకుంది. బిళ్ళల షీటు బల్ల మీదే ఉండిపోయింది.

అంబులెన్సు రావడానికి గంట పడుతుందన్నారు. వీరాస్వామి ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. వెంకాయమ్మ వెళ్ళి రెండు మెట్లు కింద కూర్చుంది. అతను ఏదో ఒకటి అంటే బాగుండుననిపించింది. ఎదురుగా టీ బండి వాడు గ్లాసులు కడుగుతున్నాడు.

"పిన్నీ," అన్నాడు వీరాస్వామి.

"చెప్పరా."

"రాత్రి బల్ల మీద పడుకున్నాను. నడుం పట్టేసింది. ఇప్పుడు గుంటూరు దాకా కూర్చోవాలి. నీ దగ్గర ఒక బిళ్ళుందా?"

వెంకాయమ్మ తల తిప్పి అతన్ని చూసింది. ఎగతాళి కాదు. మొహంలో నిద్రలేమి తప్ప ఏమీ లేదు.

"ఇప్పుడేగదరా ఆవిడ అంతా చెప్పింది."

"దానికి పడలేదు. ఆడపిల్ల, తిండి తినదు. నాకేమవుతుంది? నేను సముద్రం మీద వేసుకుంటూనే ఉంటానుగా."

ఆమె లేచి రోడ్డు దాటింది. పొట్లం కట్టించుకుని తిరిగొచ్చి అతని ఒళ్ళో పెట్టింది. నాలుగిడ్లీలు, చట్నీ. వీరాస్వామి గబగబా తిన్నాడు. నిన్నటి నుంచి ఏమీ తిననట్టుంది. ఆకు మడిచి పక్కన పెట్టి, మూతి తుడుచుకుని, "తిన్నానుగా. ఇప్పుడివ్వు," అన్నాడు.

"లేవురా. ఉన్నా ఇవ్వను. ఆ డాక్టరమ్మనడుగు, ఏం రాస్తే అది వేసుకో."

అతను నడుం మీద చెయ్యి వేసుకుని మెల్లిగా లేచాడు. "నువ్వు కూడా ఇలా అయిపోయావేంటి పిన్నీ," అన్నాడు, చిన్నబుచ్చుకున్నట్టు.

*

గుంటూరులో గొట్టం వేసి చూస్తే జ్యోతి కడుపులో పుండు కనిపించింది. రక్తం కారే చోట మందు పెట్టి ఆపారు. ఐదో రోజున ఇంటికొచ్చింది. రెండు నెలలు మందులు వాడాలి, అప్పటిదాకా బరువు ఎత్తకూడదు, నొప్పి బిళ్ళ మళ్ళీ ఎప్పుడూ ముట్టకూడదు. ఆమె మంచం పక్కన కూర్చుని వెంకాయమ్మ పాలసొర పులుసు కలిపిన మెతుకులు ముద్దలు చేసి పెట్టింది. కారం లేదు, చింతపండు పేరుకి మాత్రం. "ఇదేం పులుసు, నీళ్ళల్లే ఉంది," అంది జ్యోతి. మూడు ముద్దలు తిని నాలుగోదానికి కూడా నోరు తెరిచింది.

ఆ మర్నాడు వెంకాయమ్మ మళ్ళీ రేవుకి వెళ్ళింది. బేసినులో సగానికే చేపలు పోయించుకుంది. బిళ్ళ వేసుకోక అప్పటికి ఏడు రోజులు. భుజం నుంచి మోచేతి దాకా నరం పట్టుకుని ఎవరో లాగుతున్నట్టు ఉంటోంది. డాక్టరమ్మ వేరే రకం రాసిచ్చింది, తిన్నాకే, తట్టుకోలేని రోజున మాత్రమే అని. ఆటో ఎక్కే ముందు గిన్నెలో చద్దన్నం మజ్జిగ కలుపుకుని తిని, చెంబెడు నీళ్ళు తాగింది. తాగుతున్నప్పుడు తెనాలిలో మూడో వీధి ఇంటావిడని, దొడ్లోకి వెళ్ళనిస్తుందేమో అడగాలనుకుంది. ఏమని అడగాలో రేపల్లె దాకా ఆలోచించింది.

బండి కదిలింది. ఎవరి సర్దుళ్ళు వాళ్ళు సర్దుకున్నారు. పల్లికోన వచ్చింది. బండి మళ్ళీ కదిలాక చేతులు చాచారు.

వెంకాయమ్మ కొంగుముడి విప్పింది. వక్కముక్కల మధ్య నుంచి నాలుగు మడతల కాగితం తీసి ఒళ్ళో పరిచింది. అందరూ వంగి చూశారు. ఎవరికీ చదవడం రాదు.

"ఏంటది వదినా, కొత్తరకం బిళ్ళా?" అంది ధనమ్మ.

"నేను చేయించుకున్న రక్తపరీక్ష చీటీ. జ్యోతికి ఐదున్నర ఉంది. నాకు ఎనిమిది. పన్నెండు ఉండాలంట." ఆమె చెప్పదలచుకున్నది రేవు నుంచీ కూడగట్టుకుంటూ వచ్చింది. ఇప్పుడది పొట్టిగా వచ్చింది. "జ్యోతి కడుపు పుండు పడింది నేనిచ్చిన బిళ్ళలతో. నల్లగా పోతోందని నాకు చెప్పింది. రక్తం బిళ్ళలవల్లలే అన్నాను. అది రక్తమే. ఇంకెవరికీ ఇవ్వను. మీరందరూ ఒకసారి ఆసుపత్రికొచ్చి పరీక్ష చేయించుకోండి. ఆ డాక్టరమ్మ రమ్మంది."

భట్టిప్రోలులో బండి ఆగింది.

"ఒకపూట పోతుంది," అంది ఒకామె.

"నొప్పో మరి?" అంది ఇంకొకామె. "పరీక్ష చేయించుకుంటే నొప్పి పోతుందా?"

"ఇన్నేళ్ళూ ఇచ్చింది తనే, ఇప్పుడు మానేసిందీ తనే," అంది ధనమ్మ, అందరితోనూ, వెంకాయమ్మని తప్ప అందర్నీ చూస్తూ. "జ్యోతి గాలేస్తే పడిపోయే పిల్ల. దానికొచ్చిందని మనకందరికీ వస్తుందంట. వదినకి ఆసుపత్రి గాలి తగిలింది. దిగగానే షాపుంది. మనకి చేతుల్లేవా, కాళ్ళు లేవా."

ఇద్దరు నవ్వారు. వెంకాయమ్మ చీటీ మడిచి ముడి వేసుకుంది. వేమూరు దాటింది. చేలలో ఓదెలు ఎత్తేశారు, నేల బోడిగా ఉంది.

తెనాలిలో దిగాక వాళ్ళు తమలో తాము బేసిన్లు ఎత్తుకున్నారు. వెంకాయమ్మ తన బేసిను ముందు నిలబడి, చుట్టకుదురు తల మీద సర్దుకుని, ఎదురుచూసింది. ఒకరి తర్వాత ఒకరు ఆమె పక్కనుంచే వెళ్ళిపోయారు. కోపంగా కాదు. చూడనట్టు. ఆమె వంగి రెండు అంచులూ పట్టుకుని తనే ఎత్తబోయింది. బేసిను మోకాలి దాకా లేచి, భుజంలో నరం మెలిపెట్టి, మళ్ళీ కింద పడింది. ఐసునీళ్ళు పాదాల మీద చిందాయి. రెండు కవళ్ళు ప్లాట్‌ఫారం మీద పడ్డాయి. వాటిని ఏరి లోపల వేసింది.

తలెత్తి చూస్తే కొంచెం దూరంలో ఇంకొక బేసిను కిందే ఉంది. ధనమ్మ దాని పక్కన నిలబడి, "మీరు పదండే, నేనొస్తాను," అని ముందు పోయేవాళ్ళతో అంటోంది. వాళ్ళు మెట్ల మలుపు తిరిగేదాకా చూసింది. తర్వాత తన బేసిను అక్కడే వదిలేసి ఇటు వచ్చింది. మెడ తిరగదు కాబట్టి మనిషంతా తిరిగి, వెంకాయమ్మ ఎదురుగా వంగి, బేసిను అంచు పట్టుకుంది.

వెంకాయమ్మ రెండో అంచు పట్టుకుంది. ధనమ్మ ఎత్తలేదు. పట్టాల అవతల ఎండుతున్న బట్టల వైపు చూస్తూ అలాగే వంగి ఉంది.

"వదినా," అంది. "నల్లగా అంటే, ఎంత నల్లగా?"

వెంకాయమ్మ బేసిను అంచు వదిలేసింది. తడిసిన ప్లాట్‌ఫారం మీద ధనమ్మని కూర్చోబెట్టి, తనూ పక్కన కూర్చుంది.